దిండు అదిమిపట్టి దగ్గవలెను

నీటి సరఫరా ఆఫీసులో బిల్లుల సెక్షన్ సూపరింటెండెంటుగారి అసలు పేరు సంతకాల్లో తప్ప ఇంకెక్కడా బతికి లేదు. వెనకాల అందరూ ఆయన్ని కంచుగారు అనేవాళ్ళు. మనిషి కంచు విగ్రహంలా ఉంటారని కాదు. బక్కపలచటి ఒళ్ళు, వాలిపోయిన భుజాలు, చొక్కా తొడుక్కున్నట్టు కాక చొక్కాకి తగిలించినట్టు ఉంటారు. ఉన్న కంచంతా గొంతులో ఉంది. గొంతంటే మాటలో కాదు, దగ్గులో.

ఆయన నోరు తెరిచి పని చేయించడం ఆ సెక్షన్లో ఎవరూ చూడలేదు. గుమ్మం దగ్గర పొట్టి దగ్గు వినపడితే కుర్చీల్లో వెనక్కి వాలినవాళ్ళు ముందుకి వంగేవాళ్ళు. బల్లకి మోచేయి ఆనించి సాగదీసి దగ్గితే ‘ఆ ఫైలు ఇంకా తెమల్లేదా’ అని అర్థం. గొంతు అడుగునుంచి గురగురలాడించి చివర్లో పుటుక్కున తుంచేశారంటే ఎవరికో మెమో రాసిపెట్టి ఉందన్నమాట. ఎవరైనా సెలవడగడానికి వస్తే కాగితం మీంచి తల ఎత్తకుండా చిన్నగా, మెత్తగా ఒక దగ్గు. ‘విన్నాను, ఆగు’ అని. ఆ ఆగు ఎంతసేపో, ఎన్నాళ్ళో ఆయన దయ. కొత్తగా చేరినవాళ్ళకి పాతవాళ్ళు ముందు ఈ భాష నేర్పేవాళ్ళు. బిల్లు వెయ్యడం తీరిగ్గా నేర్చుకోవచ్చు.

ఇంట్లోనూ అదే భాష. నిజానికి అది పుట్టింది ఇంట్లోనే. పెళ్ళయిన కొత్తలో భార్యని పేరు పెట్టి పిలవడానికి ఆయనకి సిగ్గు. ఇల్లు చూస్తే రెండు గదులది. ఒక గదిలో తల్లి, ఇంకో గదిలో తండ్రి, మధ్యలో పెళ్ళికెదిగిన చెల్లెలు. ఒకరోజు స్నానానికి పోతూ తువ్వాలు మర్చిపోయి, పిలవలేక, పిలవకుండా ఉండలేక, తలుపు సందులోంచి చిన్నగా దగ్గారు. ఆవిడ తువ్వాలు తెచ్చిచ్చింది. ఆ తువ్వాలు అందుకున్న క్షణాన ఆయన మొహం కందగడ్డలా ఎర్రబడిందట. ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. తర్వాత తల్లీ తండ్రీ పోయారు, చెల్లెలు అత్తారింటికి వెళ్ళింది, కూతురు పుట్టి పెరిగి ఉద్యోగం చూసుకుంది, పెళ్ళి చేసుకుంది, ఇల్లు మూడు గదులదైంది. సిగ్గు ఎప్పుడు పోయిందో తెలీదు కానీ దగ్గు మాత్రం ఉండిపోయింది. సిగ్గు ఖాళీ చేసిన చోట్లో పెత్తనం వచ్చి సామాను సర్దుకుంది.

అలాంటి మనిషికి నిజంగా దగ్గొచ్చింది.

ఆఫీసులో కొత్తగా పెట్టిన కూలర్ నేరుగా ఆయన వీపు మీదికే ఉంది. దాన్ని పక్కకి తిప్పమని అడగచ్చు. కానీ అడగడమంటే నోటితో అడగాలి. కూలరుకి దగ్గు భాష రాదు కదా. సాయంత్రానికి గొంతులో గరగర మొదలైంది. మర్నాటికి ఛాతీలోకి దిగింది. ఇక చూడండి, సెక్షన్లో ఒకటే హడావిడి. ఆయన దగ్గినప్పుడల్లా ఒక ఫైలు బల్ల మీద పడుతోంది. తెరలు తెరలుగా దగ్గు వస్తుంటే తెరలు తెరలుగా ఫైళ్ళు. ఎన్నేళ్ళనుంచో మూలుగుతున్న పాత బకాయి కాగితాలు కూడా బీరువా అడుగునుంచి లేచొచ్చాయి. సెలవు మీద ఉన్న క్లర్కు ఫోనులో దగ్గు విని పరిగెత్తుకొచ్చాడు. ఫైళ్ళ గుట్ట వెనక కంచుగారు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ దగ్గుతూనే ఉన్నారు. ‘అయ్యా, ఒంట్లో బాగుందా’ అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. సార్‌కి ఇవాళ కోపం నషాళానికంటిందని మాత్రం అందరూ అనుకున్నారు.

ఇంట్లో ఇంకా దారుణం. ఆయన వాలుకుర్చీలో కూలబడి దగ్గితే ఆవిడ కాఫీ తెచ్చింది. మళ్ళీ దగ్గితే తువ్వాలు. ఇంకోసారి దగ్గితే కళ్ళజోడు, ఆ తర్వాత పేపరు, పేపరు వెంట నిన్నటి పేపరు. ఫ్యాను ఆపింది, మళ్ళీ వేసింది. కిటికీ మూసి, తెరిచి, సగం మూసింది. చివరికి ఇస్త్రీ పెట్టె, గొడుగు, కరెంటు బిల్లు కూడా తెచ్చి ఆయన ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

“ఇంట్లో ఉన్నవన్నీ అయిపోయాయండీ. ఇంకేం కావాలో మీరే చెప్పండి,” అంది.

‘ఏమీ వద్దు, నాకు బాగాలేదు’ అంటే సరిపోయేది. కానీ తను ఇన్నేళ్ళు నిలబెట్టుకున్న దగ్గుని, ఇది పనికిరాని దగ్గు అని తన నోటితో తనే ఎలా అంటారు? కాఫీ తాగేశారు. తువ్వాలు భుజాన వేసుకున్నారు. గొడుగు వంక మాత్రం కాసేపు చూసి ఊరుకున్నారు.

ఈ మర్యాద అంతా పోయి పొట్ట మీద పడింది. ఆయనకి బొడ్డు కింద నిమ్మకాయంత బుడిపె ఒకటి చాలాకాలంగా ఉంది. హెర్నియా అన్నారు డాక్టర్లు. పడుకుని వేలితో నొక్కితే బుద్ధిమంతుడిలా లోపలికి పోయేది, లేచి నిలబడితే వచ్చేది. ఆపరేషన్ చేయించుకోమంటే చూద్దాం అనేవారు. చూద్దాం అన్నది కూడా దగ్గులోనే. ఇప్పుడు ఛాతీ పగిలేలా దగ్గి దగ్గి బుడిపె కాస్తా బత్తాయంత అయింది. ఎంత నొక్కినా లోపలికి పోనని మొరాయించింది. ఆ సంగతి కూడా ఆయన ఎవరికీ చెప్పలేదు.

చివరికి దాన్ని పట్టుకున్నది బావమరిది. ఆవిడ తమ్ముడు. రెడీమేడ్ బట్టల కొట్లో సేల్స్‌మన్. మనుషుల్ని చూడగానే నడుం కొలత చెప్పేసే అలవాటు.

“అక్కా, బావ ప్యాంటు బొత్తం ఎందుకు విప్పుకున్నారే?” అన్నాడు వచ్చీ రాగానే.

“వేడిగా ఉందేమోరా.”

కంచుగారు దగ్గారు. ఆవిడ లేవబోయింది. బావమరిది ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాడు.

“కూర్చో. ఇది నిన్ను పిలిచిన దగ్గు కాదే. దగ్గొచ్చిన దగ్గు.”

“రెంటికీ తేడా ఏముందిరా?”

“ఇందులో కఫం ఉంది,” అన్నాడు వాడు. “బావా, ఏదీ, చొక్కా ఎత్తండి. అయ్యబాబోయ్! అక్కా, దీన్ని చూశావా? ఆటో పిలుస్తాను, ఈలోగా చెప్పులేసుకో.”

ఆస్పత్రిలో సర్జన్ పొట్టిగా, గుండ్రంగా, నవ్వుమొహంతో ఉండే ఆడమనిషి. చేతులు రెండూ రుద్దుకుని వెచ్చబెట్టుకుని మరీ ఆయన పొట్ట మీద పెట్టింది. ఆ ఒక్క పనికి కంచుగారికి ఆవిడ మీద గౌరవం కలిగింది. మరు నిమిషంలోనే పోయింది.

“దగ్గు ఎప్పట్నుంచి ఉందండీ?” అని అడిగింది డాక్టరమ్మ.

కంచుగారు గొంతు సవరించుకునేలోపే భార్య జవాబు చెప్పేసింది. “పెళ్ళయినప్పట్నుంచీ ఉందండీ.”

డాక్టరమ్మ చెయ్యి పొట్ట మీద అలాగే ఆగిపోయింది. “అన్నేళ్ళనుంచా? ఎక్స్‌రే తీయించారా? రక్తం ఏమైనా పడుతోందా? బరువు తగ్గారా? ఇంట్లో ఇంకెవరికైనా అంటుకుందా?”

“మా అమ్మాయికి కొద్దిగా వచ్చిందండీ. వాళ్ళాయన్ని దగ్గి పిలుస్తోందని అతను గోల పెడుతున్నాడు.”

బావమరిది గోడవైపు తిరిగి భుజాలు కుదుపుకుంటూ నవ్వాడు. తర్వాత ఓపిగ్గా డాక్టరమ్మకి జరిగిందంతా విడమరిచి చెప్పాడు. ఏ దగ్గుకి కాఫీ, ఏ దగ్గుకి కళ్ళజోడు, అన్నీ చేసి చూపించాడు. కంచుగారు పైకప్పు వంక చూస్తూ పడుకున్నారు. ఒక మెమో రాద్దామంటే అక్కడ బల్ల లేదు.

“సరే,” అంది డాక్టరమ్మ నవ్వు ఆపుకుని. “అసలైతే దగ్గు పూర్తిగా పోయాక చెయ్యాల్సిన ఆపరేషన్ ఇది. కానీ బుడిపె లోపలికి పోవడం లేదు. పేగు అందులో నొక్కుకుపోతే కొంప మునుగుతుంది. మందులిచ్చి దగ్గుని కాస్త దారికి తెస్తాను. దారికి రాగానే కోసేస్తాను. పూర్తిగా పోయేదాకా కూర్చోలేం.”

మందులు, ఆవిరి, గంటగంటకీ నర్సు వచ్చి పొట్ట నొక్కి చూడడం. దగ్గు ముదురు నుంచి లేతకి దిగింది. పోలేదు, కొసరుగా మిగిలింది. అదే చాలంది డాక్టరమ్మ.

థియేటర్లో మత్తు డాక్టరు వెన్నులో సూది గుచ్చి నడుం కింది భాగాన్ని ఆయనకి కాకుండా చేశాడు. మెలకువ మాత్రం ఉంచాడు, ఆ ఛాతీతో పూర్తి మత్తు వద్దని. చలికి పళ్ళు కొట్టుకుంటుంటే ఎవరో వెనకనుంచి వెచ్చటి దుప్పటి భుజాల మీద కప్పారు. ఆ చేతులెవరివో ఆయనకి కనపడలేదు.

“చూడండి,” అన్నాడు మత్తు డాక్టరు, “దగ్గొచ్చేలా ఉంటే ముందు చెప్పండి. ఆవిడ చెయ్యి ఆపుతుంది. చెప్పకుండా మాత్రం దగ్గకండి.”

కంచుగారు తలూపారు. ఆకుపచ్చ గుడ్డ అవతల ఏవో చిన్న చిన్న చప్పుళ్ళు, గిన్నెలో పరికరం పడ్డ చప్పుడు. కాసేపటికి గొంతులో చీమ పాకినట్టయింది. ఆయన ముందుగా, మర్యాదగా, రాబోయే దగ్గు గురించి హెచ్చరిస్తూ చిన్నగా దగ్గారు.

“ఎవరది!” అంది డాక్టరమ్మ గుడ్డ అవతలనుంచి. “నేను లోపలికి తోస్తున్నాను, మీరు బయటికి తోస్తున్నారు. ఇద్దరిలో ఎవరో ఒకరమే పని చేద్దామండీ.”

“చెప్పమన్నాను కదండీ?” అన్నాడు మత్తు డాక్టరు.

“చెప్పాను కదా,” అన్నారు కంచుగారు, నిజంగానే ఆశ్చర్యపోయి.

“ఎప్పుడు చెప్పారు? దేంతో చెప్పారు?”

ఆ గదిలో అంతమంది ఉన్నారు. ఆయన దగ్గితే ఒక్కరూ నిటారుగా కూర్చోలేదు. ఒక్క ఫైలూ కదల్లేదు. పైగా పొట్ట తెరుచుకుని ఉన్నది ఆయనది.

“దగ్గొస్తోంది,” అన్నారు కాసేపటికి, చిన్నపిల్లాడు బాత్రూంకి చెప్పినట్టు.

“శభాష్,” అంది డాక్టరమ్మ. “చెయ్యి తీశాను. కానివ్వండి.”

వార్డులో ఆయన మంచం కిటికీ పక్కన పడింది. అవతలి మంచం మీద ఒక బస్సు డ్రైవరు. అపెండిక్స్ తీసేశారు. కోత మీద చెయ్యేసుకుని కూడా నోరు మూసుకోలేని మనిషి. డాక్టరమ్మ వచ్చి కంచుగారి పొట్ట మీద చిన్న దిండు ఒకటి పెట్టింది.

“ఇకనుంచి ఇదే మీ ప్రాణం. కఫం అడ్డుపడితే దగ్గాల్సిందే, బిగపట్టొద్దు. కానీ ముందు ఈ దిండుని కోత మీద రెండు చేతులా అదిమిపట్టి అప్పుడు దగ్గండి. ఇకపోతే పిలవడానికీ బెదిరించడానికీ దగ్గుతారే, ఆ దగ్గులు బంద్. బుడిపె వచ్చిన చోట లోపల వల వేసి కుట్టాను. అది కండకి అతుక్కునేలోపు ఊడిందా, మళ్ళీ కొయ్యాలి. రెండో కోత ఇంత చిన్నగా ఉండదు. పూర్తి మత్తు కావాలి. మీ ఛాతీకి అది ఇవ్వాలంటే నాకే భయం. ఇంతకంటే వివరంగా చెప్పను.”

వివరంగానే ఉంది. కంచుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. మంచం చివర నిలబడ్డ భార్య మొహంలోనూ లేదు. డాక్టరమ్మ వెళ్ళాక ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, చాలా తగ్గిన గొంతుతో అంది.

“చూడండి. మీరు దగ్గితే నేను లేచి వస్తానన్న ధైర్యంతోనే కదా మీరు దగ్గేది. నేను లేచొస్తే మీ కుట్లు నేను విప్పినట్టే. కాబట్టి ఇకనుంచి లేవను. మంచినీళ్ళు కావాలన్నా, ఏం కావాలన్నా, నోరు తెరిచి పిలవండి.”

ఆయన అలవాటు కొద్దీ, ‘సరేలే’ అన్నట్టు దగ్గబోయారు. పొట్టలో కత్తి తిరిగినట్టయింది. “అమ్మా!” అన్నారు.

“అలా,” అంది ఆవిడ. “కాకపోతే ఆవిడ పోయి చాలాకాలమైంది. నన్ను పిలవండి.”

అంతే, యుద్ధం మొదలైంది. ఒక పక్షం పచ్చి కుట్లతో కదలలేదు, రెండో పక్షం కుర్చీలోంచి కదలదు. ఆయన దాహమేస్తే గ్లాసు మీద చెంచాతో టంగుమనిపించారు. ఆవిడ లేచింది, చెంచా తీసి సంచిలో పెట్టుకుంది, కూర్చుంది. మంచం చువ్వ మీద ఉంగరంతో కొట్టారు. పరధ్యానంగా ఉన్నట్టు బయటికి చూసింది. చిటికె వేస్తే డ్రైవరు పలికాడు.

“సార్, మీరు పిలిచేది నన్నయితే నేను లేవలేను, కుట్లున్నాయి. అమ్మగారినయితే నోటితో పిలవండి. నేనూ ఇంతే సార్. హారన్ కొడితే ముందు బండి జరుగుతుందనుకుంటా. జరగదు. వాడు దిగొచ్చి తిడతాడు.”

“నువ్వు మీ ఆవిడనేమని పిలుస్తావు?” అన్నారు కంచుగారు, గొంతు తగ్గించి.

“బంగారం అంటాను సార్. డబ్బులడగాలంటే బంగారు తల్లీ అంటాను.”

కంచుగారు మొహం చిట్లించారు. బంగారం అనడం తన వల్లయ్యే పని కాదు. ‘ఏమేవ్’ అనడానికి వయసు మించిపోయింది. ‘ఇదిగో’ అంటే నర్సు వచ్చింది. ‘ఎవరక్కడ’ అంటే ఊడ్చే ఆయా వచ్చి, “ఎవరు కావాలి తాతా?” అంది. పక్కకి చూస్తే భార్య పెదవులు బిగబట్టుకుని చీర అంచు సర్దుకుంటోంది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషిని పిలవడానికి తన దగ్గర ఒక్క మాట లేదని కంచుగారికి ఆ మధ్యాహ్నం తెలిసొచ్చింది. డిక్షనరీ అంతా ఉండి అందులో ఒక్క పేజీ చిరిగిపోయినట్టు, సరిగ్గా కావలసిన పేజీ.

మర్నాడు సెక్షన్ వాళ్ళు చూడ్డానికి వచ్చారు. గుంపుగా వచ్చి మంచం చుట్టూ ఒదిగి నిలబడ్డారు. వాళ్ళని చూడగానే ఆయనలో సూపరింటెండెంటు లేచి కూర్చున్నాడు.

“ఆఫీసెలా ఉంది?” అన్నారు నీరసంగా.

“చాలా ప్రశాంతంగా ఉంది సార్,” అన్నాడు ఒక క్లర్కు సంతోషంగా. పక్కవాడు మోచేత్తో పొడిచాడు. “అంటే, మీరు లేని లోటు బాగా తెలుస్తోంది సార్. బిల్లులన్నీ టైముకి వెళ్ళిపోతున్నాయి.”

“కూలర్ కూడా పక్కకి తిప్పాం సార్,” అన్నాడు ఇంకొకడు. “మీ కుర్చీలో కూర్చుంటే వీపు గడ్డకట్టేస్తోంది. అసలు ఇన్నాళ్ళు ఎలా కూర్చున్నారు సార్?”

తన కుర్చీలో ఎవరు కూర్చున్నారన్న కోపం పొట్టలోంచి తన్నుకొచ్చింది. దిండు సంగతి మరిచారు. గొంతు అడుగునుంచి గురగురలాడించి, చివర్లో తుంచే ఆ పాత దగ్గు, మెమో దగ్గు, పూర్తిగా దగ్గేశారు. సెక్షన్ మొత్తం ఉలిక్కిపడి నిటారుగా నిలబడింది. ఒకడు చేతిలో ఉన్న పళ్ళ సంచినే ఫైలులా రెండు చేతులతో అందించాడు. ఆయన మాత్రం రెండుగా మడిచినట్టు ముందుకి వంగిపోయి, చాలాసేపు ఊపిరి తీసుకోలేకపోయారు.

ఎన్నేళ్ళనుంచో ఆయన కోరుకున్న భయం ఆ కళ్ళన్నిటిలో ఉంది. అది చూసి ఆనందించడానికే తీరిక లేకపోయింది.

వాళ్ళు వెళ్ళాక నర్సు కట్టు విప్పి చూసి డాక్టరమ్మని పిలిచింది. గుడ్డ తడిసి ఉంది. ఒక కుట్టు పక్క చర్మం లాగేసినట్టు ఎర్రగా సాగింది. డాక్టరమ్మ ఈసారి నవ్వలేదు.

“లోపలి వల నిలబడింది, మీ అదృష్టం. ఇంకోసారి ఇలా వట్టిగా దగ్గితే నిలబడుతుందని నేను చెప్పలేను,” అంది. భార్య వైపు తిరిగి, “దిండు దగ్గరే ఉంచండి,” అంది. ఆవిడ తలూపింది. సాయంత్రం ఆయన మంచినీళ్ళడగకుండానే గ్లాసు పెదవులకి ఆనించింది. అలవాటు తప్పడం ఆవిడకీ అంత తేలిక కాదు మరి.

మూడో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక వార్డు సద్దుమణిగింది. డ్రైవరు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. నోరు మూసే వీలు నిద్రలో కూడా లేదతనికి. భార్య కిటికీ దగ్గర ఆయనకి వీపు పెట్టి నిలబడి, ఉతికిన తువ్వాలు చువ్వల మీద ఆరేస్తోంది. ఆ తువ్వాలు ఆయనదే. కంచుగారు కాస్త పక్కకి ఒత్తిగిలబోయారు. పొట్ట మీది దిండు జారి మంచం కింద పడింది.

సరిగ్గా అప్పుడే ఛాతీ అడుగునుంచి దగ్గు బయల్దేరింది.

ఇది పిలుపు దగ్గు కాదు, మెమో దగ్గు కాదు. మిగిలిన కొసరు దగ్గు, కఫం దగ్గు, అసలు దగ్గు. అది ఎవరి మాటా వినేది కాదు. ఊపిరి బిగబట్టారు. కళ్ళలో నీళ్ళు నిండాయి. వంగి దిండు అందుకోలేరు. చేతులు అడ్డం పెట్టుకుంటే అదమడానికి బలం చాలడం లేదు. దగ్గి పిలిస్తే కుట్లు పోతాయి. పోనీ తెగించి దగ్గినా ఆవిడ తిరగదు, దగ్గితే లేవనని చెప్పేసింది. చెంచా సంచిలో ఉంది. ఉంగరం వాచిన వేలినుంచి తీసి నర్సు పొట్లం కట్టింది. గొంతులో దగ్గు గుమ్మం దాకా వచ్చి నిలబడి తలుపు తడుతోంది.

ఆయన ఆవిడ పేరు పిలిచారు.

చాలా చిన్నగా వచ్చింది. బొంగురుగా, ఎక్కడో మధ్యలో విరిగి, పలకడం రానివాడు పలికినట్టు. కిటికీ దగ్గర ఆవిడ కదల్లేదు. పంతం కాదది. ఆ పేరుతో ఆవిడని పిలిచేవాళ్ళందరూ ఎప్పుడో పోయారు. అమ్మా, అక్కా, అత్తయ్యా అన్న పిలుపుల కింద అది ఎక్కడో అడుక్కి చేరిపోయింది. వార్డులో ఇంకెవరినో అనుకుని ఉంటుంది.

“నిన్నే,” అన్నారు కంచుగారు. మళ్ళీ పేరు పిలిచి, ఇంకో మాట కూడా కలిపారు. “రా. దిండు పడిపోయింది. భయమేస్తోంది.”

తువ్వాలు చేతిలోంచి జారింది. ఆవిడ ఎలా వచ్చిందో ఆయనకి తెలీదు. దిండు కోత మీద పడింది, దాని మీద ఆవిడ రెండు అరచేతులూ పడ్డాయి. కాఫీ గ్లాసులూ, కళ్ళజోళ్ళూ, నిన్నటి పేపర్లూ మోసిన చేతులు. ఇంత బలం ఉందని ఆయన ఏనాడూ అనుకోలేదు.

“ఇప్పుడు దగ్గండి,” అంది.

దగ్గారు. ఛాతీ ఖాళీ అయ్యేదాకా దగ్గారు. ఆవిడ ఒళ్ళంతా ఆ చేతుల మీద వేసి అదిమిపట్టింది. కఫం బయటపడింది. ఆవిడే తుడిచింది. పొట్టలో మంట తప్ప ఇంకేమీ తెగలేదు. నర్సు వచ్చి చూసి కట్టు పొడిగానే ఉందంది.

నర్సు వెళ్ళాక ఆవిడ దిండు సర్దుతూ, ఆయన వంక చూడకుండా అడిగింది. “ఏమన్నారు ఇందాక?”

“భయమేస్తోందన్నాను.”

“అది కాదు. దానికి ముందు.”

కంచుగారు పైకప్పు వంక చూశారు. మొహం కందగడ్డలా ఎర్రబడింది. ఆవిడ అది చూసింది. తలుపు సందులోంచి తువ్వాలు అందించిన నాటి తర్వాత మళ్ళీ ఇప్పుడే.

నోరు ఒకసారి తెరుచుకుంటే ఇక మూతపడడం కష్టమట. మర్నాటినుంచి ఆయనకి ఆ పేరు మహా రుచిగా తోచింది. మంచినీళ్ళకి ఒకసారి పిలిచారు. కిటికీ తలుపుకి ఒకసారి. ఏమీ లేకుండా, ఉందో లేదో చూద్దామని ఒకసారి. పొద్దెక్కేసరికి వార్డంతటికీ ఆ పేరు నోటికొచ్చేసింది. బావమరిది పళ్ళు తెచ్చి ఇది చూసి, “బావా, దగ్గే నయం కదా, కనీసం మధ్యమధ్యలో ఊపిరి తీసుకునేవారు,” అన్నాడు.

సాయంత్రం ఎండ వార్డులోకి ఏటవాలుగా పడుతున్నప్పుడు ఆవిడ లేచి బయట వరండాలో బల్ల మీద డ్రైవరు భార్య పక్కన కూర్చుంది. ఏదో చెప్పుకుని ఇద్దరూ నవ్వుకోవడం లోపలికి వినపడుతోంది. కంచుగారికి కళ్ళజోడు కావాలనిపించింది. అది చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. అయినా గొంతెత్తి, ముద్దుగా, పెత్తనంగా, పేరు పెట్టి పిలిచారు.

వరండాలో నవ్వు ఆగింది.

తర్వాత అక్కడినుంచి ఒక దగ్గు వినపడింది. చిన్నగా, మెత్తగా, తల ఎత్తకుండా దగ్గిన దగ్గు.

డ్రైవరు కుట్ల మీద రెండు చేతులూ వేసుకుని, “అయ్యో, నవ్వించకండి సార్, ఊడిపోతాయి!” అని మెలికలు తిరిగాడు. “అమ్మగారేమంటున్నారు సార్?”

కంచుగారికి అది తర్జుమా చెయ్యాల్సిన పని లేదు. సెలవడగడానికి వచ్చిన ప్రతివాడికీ తను ఇచ్చిన జవాబే అది, ఒక్క పిసరు కూడా తేడా లేకుండా. ‘విన్నాను, ఆగు.’

ఎంతసేపో ఆవిడ దయ. దిండు పొట్ట మీదికి లాక్కుని, రెండు చేతులూ దాని మీద పెట్టుకుని, కంచుగారు ఆగారు.